మురుకు ఇంటికొచ్చిన వారం

అశ్విని డబ్బా మూత తీయగానే నా చెయ్యి గట్టు మీదున్న చపాతీ కర్ర మీదికి పోయింది. ఏం చేస్తున్నానో తెలిసేలోపే కొట్టాను. నా మనవరాలు భుజంతో నన్ను నెట్టబట్టి ఆ దెబ్బ పాముకు కాకుండా మూతకు తగిలింది. ప్లాస్టిక్ మూత ఒక మూల పగిలింది. దాన్ని బిగించే క్లిప్పు విరిగి ఫ్రిజ్ కిందికి ఎగిరిపోయింది. నేను కర్ర మళ్ళీ ఎత్తాను. అశ్విని డబ్బా మీద బోర్లా పడి నాకు వీపు చూపించింది.

"కొట్టాలంటే ముందు నన్ను కొట్టు."

"లెయ్యే! రక్తపింజర అది! నీయమ్మను తిన్నది అదే, లెయ్!"

"కాదవ్వా. కొండచిలువ పిల్ల. ఆఫ్రికా జాతిది. విషమే లేదు దానికి. కాగితాలు కూడా ఉన్నాయి, చూపిస్తా. ఆ కర్ర కింద పెట్టు."

కర్ర దించలేదు. ఆ పిల్ల మోచేతి సందులోంచి కనిపిస్తున్న మచ్చలనే చూస్తున్నాను. గోధుమ రంగు మీద నల్లటి మచ్చలు. ఇరవై ఏళ్ళ కిందట తాడిపత్రి దగ్గర మా చేలో, పీకి కుప్ప వేసిన వేరుశనగ చెట్ల కింద చెయ్యి పెట్టింది నా కూతురు వాసంతి. అప్పటికి అశ్వినికి ఐదేళ్ళు, గట్టు మీద కూర్చుని కాయలు ఒలుచుకుంటోంది. కరిచిన చోట బ్లేడుతో కోశారు. మోచేతికి తాడు బిగించి కట్టారు. మంత్రం వేసేవాడి కోసం రెండు గంటలు పోగొట్టారు. తర్వాత జీపులో అనంతపురం తీసుకుపోతుంటే చిగుళ్ళలోంచి రక్తం కారుతూ నా ఒళ్ళోనే పోయింది. ఊరివాళ్ళు చంపి గట్టు మీద పడేసిన పామును సాయంత్రం తిరిగొచ్చి కర్ర విరిగేదాకా కొట్టాను. ఆ తర్వాత మచ్చలున్న పాము ఏది కనిపించినా వదల్లేదు. ఒకసారి మట్టిలో పడుకున్న ఒక సాధు పామును కూడా చితగ్గొట్టి, అది ఎవరినీ ఏమీ చేయదని వాళ్ళూ వీళ్ళూ చెప్పినా అయ్యో అనుకోలేదు.

"ఏంటికే ఇది నీకు? లోకంలో ఇంకేం దొరకలేదా?"

అశ్విని లేచి నేల మీద కూర్చుంది. ఏడవడం లేదు. "ఆఫీసులో టేబుల్ కింద వైరు కాలికి తగిలితే అరుస్తానవ్వా. అందరూ నవ్వుతారు. బాత్రూంలో తాడు చూసి ఒకసారి జారిపడ్డా, నీకు చెప్పలేదు. ఇరవై ఏళ్ళు భయపడి భయపడి విసుగొచ్చింది నాకు. ఇది ఒక్కసారి నా చేతుల్లో పడుకుంటే చాలు." డబ్బాను ఒళ్ళోకి లాక్కుని, "నీకు వద్దంటే చెప్పు. కోపమేం లేదు. దీన్ని తీసుకుని హాస్టల్‌కు పోతా" అంది.

ఆ పిల్ల ఉత్తుత్తి మాటలు చెప్పదు. వాసంతి పోయిన ఏడాదికే అల్లుడు మళ్ళీ పెళ్ళి చేసుకుని బళ్ళారి వెళ్ళిపోయాడు. నాలుగేళ్ళకు మా ఆయన పోయాడు. నాకు మిగిలింది ఈ కోకాపేట అద్దె ఇంట్లో నాలుగో అంతస్తు, అందులో ఈ పిల్ల. పాము పోతే పిల్లా పోతుంది. చపాతీ కర్ర కడిగి గట్టు మీద పెట్టాను.

పాముకు మురుకు అని పేరు పెట్టింది. చుట్టుకుని పడుకుంటే అరచేతిలో పట్టేటంత మురుకు మాదిరే ఉంటుంది. నేను పాటించవలసినవన్నీ అశ్విని పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్‌కు అంటించింది. మొదటి వారం ఎవరూ ముట్టుకోకూడదు. మేత పెట్టకూడదు. డబ్బా చుట్టూ గుడ్డ కప్పాలి. ఒక పక్క కింద వేడి పట్టా ఉండాలి, ఇంకో పక్క చల్లగా ఉండాలి. కొబ్బరి పీచు పొడి ఆరిపోకుండా నీళ్ళు చల్లాలి. దాక్కోవడానికి రెండు గూళ్ళు ఉండాలి.

అంగడిలో కొన్న గూళ్ళు పెద్దవయ్యాయి. "దాని ఒళ్ళు నాలుగు పక్కలా తగలాలవ్వా. అప్పుడే భయం పోతుంది" అంది అశ్విని. నేను పచ్చడికి కొబ్బరికాయ కొట్టి, కోరిన చిప్పలు రెండూ గీకి కడిగి, అంచున కత్తితో చిన్న ద్వారం కోసి ఇచ్చాను. వాటిని బోర్లించిన కాసేపటికి మురుకు తల వంచి చిప్ప లోపలికి పోయింది, తోక కూడా కనిపించకుండా. అశ్విని నన్ను వాటేసుకుంది. ఆ రోజు నాకు అన్నం సహించలేదు. నా చేతులతో దానికి ఇల్లు కట్టానే అని.

కొత్త మూత రావడానికి పది రోజులు పడుతుందన్నారు. అంతవరకు పగిలిన మూలను టేపుతో అంటించాం. ఆ టేపును రోజుకు ఎన్నిసార్లు నొక్కి చూసేదాన్నో నాకే తెలియదు.

మా పక్క స్థలంలో కొత్త టవర్ కోసం మందు పెట్టి బండ పేలుస్తున్నారు. మధ్యాహ్నం ఒంటిగంటకు సైరన్ మోగుతుంది. ఆ వెంటనే నేల కుదుపుతుంది, గిన్నెల గూట్లో గ్లాసులు ఒకదానికొకటి తగులుతాయి. ఆ పని మొదలైన నాటి నుంచి సెల్లారులోకి తేళ్ళు, పాములు రావడం ఎక్కువైంది. మా వాచ్‌మన్ రామన్న ఒక్క నెలలో ఒక కట్లపామును, రెండు రక్తపింజరలను చంపి కర్రకు వేలాడదీసి మురుగు కాలవలో పారేశాడు. రామన్నది ఇక్కడి పుప్పాలగూడే. అతని భార్య మమత మా ఇంట్లో ఊడ్చి, తుడిచి పోతుంది. మూడో రోజు తుడుస్తూ తుడుస్తూ గుడ్డ పక్కకు జరిపి డబ్బాలోకి చూసింది. బకెట్ తన్నేసి, చెప్పులు కూడా వేసుకోకుండా మెట్ల మీద పరుగెత్తింది.

ఐదు నిమిషాల్లో రామన్న తలుపు మీద కర్రతో కొట్టాడు.

"తలుపు తియ్యవ్వా. ఇంట్ల రక్తపింజర వెట్టుకున్నరట గద, మా మమత గజగజ వణుకుతున్నది."

"రక్తపింజర కాదప్పా. కొండచిలువ పిల్ల."

"నాకు జెప్తున్నవా? మొన్ననే రెండు గొట్టిన. గివే మచ్చలు. నువ్వు జరుగు, ఒక్క దెబ్బ సాలు."

నన్ను దాటుకుని లోపలికి వచ్చేశాడు. కాలితో గుడ్డ లాగాడు. కర్ర పైకి లేచింది. నేను డబ్బాకు అడ్డం పడ్డాను. "కొట్టాలంటే ముందు నన్ను కొట్టు" అన్నాను. ఆ మాట నా నోట ఎలా వచ్చిందో. అంతటితో ఆగితే అతను మళ్ళీ వస్తాడని, నేను లేనప్పుడు వస్తాడని తెలుసు. టేపు ఊడదీశాను. చిప్ప ఎత్తాను. అంతవరకు దాన్ని వేలితో కూడా ముట్టని దాన్ని, రెండు చేతులూ కలిపి దాని కింద దూర్చి పైకి ఎత్తాను. నా చీర వీపున తడిసి అంటుకుపోయింది. మురుకు ఒళ్ళంతా ముడుచుకుని, తల మధ్యలో దాచుకుని, ఉండలా అయిపోయింది.

"చూడు. భయపడితే ఇది కరవదు. ముడుచుకుంటుంది. రక్తపింజర ముడుచుకుంటుందా?"

రామన్న కర్ర దించలేదు, కానీ కొట్టనూ లేదు. "నిజంగనే ఏమనదా?"

"పట్టుకో. పైనుంచి పట్టుకోకూడదు, గద్ద వచ్చిందనుకుంటుంది. కిందనుంచి, దోసిలి పట్టినట్టు, రెండు చేతులతో. మెల్లగా."

కర్ర గోడకు ఆనించాడు. కళ్ళు మూసుకుని దోసిలి చాపాడు. నేను మురుకును అందులో పెట్టాను. కాసేపటికి ఒక కన్ను తెరిచాడు, తర్వాత రెండోది. "సల్లగున్నదవ్వా" అని నవ్వాడు. "ఏం పేరు వెట్టిన్రు?"

"మురుకు."

"మీ దిక్కు పాములను సుత తింటరా ఏంది?"

నేనూ నవ్వాను. అతన్ని అట్లాగే కాసేపు పట్టుకోనిచ్చాను. ముట్టుకోకూడదన్న వారంలో మూడో రోజు అది.

అసోసియేషన్ సెక్రటరీ గోవిందప్పకు కూడా రామన్నే నచ్చచెప్పాడు. గోవిందప్పది ఆదోని, భూముల వ్యాపారం. గుమ్మంలో నిలబడి డబ్బా వైపు చూడకుండానే మాట్లాడాడు. "మన సీమోళ్ళని ఊరుకుంటాండా కమలమ్మా. ఒక్కటే మాట. ఆ పురుగు ఒక్కసారి మీ గడప దాటిందని నా చెవిన పడిందా, అదీ మీరూ ఒకే రోజు ఖాళీ చెయ్యాల."

"దాటదప్పా" అన్నాను.

ఆరో రోజు అశ్విని ఆఫీసుకు పోయాక నీళ్ళు చల్లడానికి గుడ్డ తీశాను. పగిలిన మూల దగ్గర టేపు తడికి ఊడి వేలు పట్టేటంత సందు పడింది. ఎడమ పక్క చిప్ప ఎత్తాను. లేదు. కుడి పక్క చిప్ప ఎత్తాను. అక్కడా లేదు. పీచు పొడి మీద చెయ్యి ఆడించాను. లేదు. మంచాల కింద, పరుపుల కింద, బియ్యం డ్రమ్ము వెనక, చెప్పుల స్టాండులో ఒక్కొక్క చెప్పు దులిపి చూశాను. బాత్రూంలో పైపులు పోయే గుంట మూత పక్కకు జరిగి ఉంది. ఆ గుంట కింద సెల్లారు దాకా పోతుంది.

అశ్వినికి ఫోన్ చేయడానికి నంబరు నొక్కి, మోగకముందే తీసేశాను. మొదటి రోజు కర్ర ఎత్తింది నేను. మూత పగలగొట్టింది నేను. నేనే కావాలని వదిలేశానని అనుకుంటుందేమో. గోవిందప్పకు తెలిస్తే ఇల్లు పోతుంది, ఆ పిల్లకు తెలిస్తే పిల్లే పోతుంది. ఇంటర్‌కమ్‌లో కింద గేటుకు చేశాను.

"రామన్నా, మురుకు పోయింది. పైపుల గుంటలోంచి కిందికి దిగినట్టుంది. ఎవరితోనూ అనొద్దప్పా, నీకు దండం పెడతా. కర్ర ముట్టొద్దు. నేను చూపించినట్టు..."

"రెండు చేతులతోని, కిందికెళ్ళి. యాదికున్నదవ్వా. పరేషాన్ గాకు, నేను దేవులాడ్త."

ఒంటిగంటకు సైరన్ మోగింది. ఇల్లు కుదిపింది. నేను వంటింట్లో నేల మీదే కూర్చుని ఉన్నాను. అరగంట పోయాక ఇంటర్‌కమ్ మోగింది.

"దొరికిందవ్వా! పంపు రూం కాడున్నది. రా, నువ్వే దీస్కపో. లేకుంటె నేనే దెస్త తియ్యి."

లిఫ్టు కోసం ఆగలేక మెట్ల మీద దిగాను. సెల్లారులో పంపు రూం పక్కన పాత టైల్స్ పేర్చి ఉంటాయి. వాటి ముందు రామన్న గొంతుక్కూర్చుని ఉన్నాడు. దోసిలి చాపి, పసిపిల్లను పిలిచినట్టు "మురుకూ, రా బిడ్డా, రా" అంటున్నాడు. నేను అతని వెనక పది అడుగుల దూరంలో ఉన్నాను. ముందు ఆ చప్పుడు విన్నాను. కుక్కరు మూత కింద ఆవిరి ఆగకుండా పోతుంటే వచ్చే చప్పుడు. మురుకు ఈ ఆరు రోజుల్లో ఒక్క చప్పుడూ చేయలేదు. తర్వాత, టైల్స్ నీడలో సగం దాగిన వీపు కనిపించింది. నా మోచేయంత లావు. ముక్కలు ముక్కలుగా మచ్చలు కావు, వరసగా గొలుసు కట్టిన కళ్ళలాంటి మచ్చలు.

"వద్దు రామన్నా! చెయ్యి తియ్!"

నా గొంతు విని తల తిప్పి నా వైపు చూసి నవ్వాడు. చేతులు అప్పటికే దాని కిందికి పోయాయి.

అది బొటనవేలి మొదట్లో పట్టుకుంది. అతను చెయ్యి విదిలించినా వదల్లేదు. రెండోసారి విదిలిస్తే గోడకు కొట్టుకుని కింద పడింది. రామన్న కూర్చున్న చోటే వెనక్కి పడ్డాడు. అరవలేదు. నా వైపే చూస్తూ, "కరవదంటివి గదవ్వా?" అన్నాడు.

మురుగు మూతలు ఎత్తే ఇనప రాడ్డు గోడకు ఆనించి ఉంది. అది ఎప్పుడు నా చేతిలోకి వచ్చిందో తెలియదు. మొదటి దెబ్బకు పాము నడుము విరిగింది. అది తిరిగి రాడ్డునే కరిచింది. పళ్ళు ఇనుముకు తగిలిన చప్పుడు విన్నాను. రెండో దెబ్బ తల మీద. మూడోది కడుపు మీద పడి చీలింది. చీలిన చోటునుంచి పిల్లలు బయటికి వచ్చాయి. తడిగా, పెన్సిలంత లావున, ఒక్కొక్కదాని వీపు మీద అవే మచ్చలు. నేల మీద పడ్డ మరుక్షణమే తలలెత్తాయి. బండలు పగిలి దాని పుట్ట పోయి ఉంటుంది. ఈనడానికి వెచ్చటి చోటు వెతుక్కుంటూ మోటారు పక్కకు చేరి ఉంటుంది. ఇది నాకు తర్వాత తోచింది. అప్పుడు మాత్రం ఒక్కొక్కదాన్నే రాడ్డు కొసతో నూరాను. టైల్స్ కిందికి పాకబోయినదాన్ని లాగి నూరాను. నా పాదాల మీద, చీర కుచ్చిళ్ళ మీద వాటి రక్తం పడింది. కదిలేది ఏదీ మిగలని దాకా ఆపలేదు.

నా అరుపులకు గోవిందప్ప డ్రైవర్ బుల్లిబాబు పరుగెత్తుకొచ్చాడు. రాజమండ్రి పక్కవాడు. "అయ్యబాబోయ్, ఏటండీ ఇది!" అంటూనే తన బెల్టు తీసి రామన్న మోచేతికి బిగించాడు. జేబులోంచి బ్లేడు తీశాడు. "విషం పైకెక్కకుండా గాటెట్టాలండి, పట్టుకోండి."

"కోయొద్దు!"

వినలేదు. బ్లేడు చర్మానికి ఆనింది. రాడ్డుతో అతని చేతి మీద కొట్టాను. రెండు వేళ్ళు చిట్లాయి, బ్లేడు ఎగిరి పడింది. "బెల్టు విప్పు. కారు తియ్. ఇంకో మాట మాట్లాడితే నీ తలకాయ పగలగొడతా." ముసలిదాన్ని కదా అని కొట్టిపారేయలేదు అతను. రాడ్డు వైపు చూసి, బెల్టు విప్పి, రామన్నను భుజాన వేసుకుని కారు వైపు పరుగెత్తాడు. చేతి నుంచి నెత్తురు కారుతూనే కారు నడిపాడు.

పెద్దాసుపత్రిలో రామన్న రక్తం గాజు గొట్టంలో తీసి నిలబెట్టారు. ఇరవై నిమిషాల్లో గడ్డ కట్టాలట. ఇరవై నిమిషాల తర్వాత నర్సు గొట్టాన్ని వంచితే నీళ్ళలా పక్కకు ఒరిగింది. అప్పటికే రామన్న చిగుళ్ళు ఎర్రబడ్డాయి. చెయ్యి భుజం దాకా ఉబ్బి, చర్మం మెరుస్తోంది. విరుగుడు మందు సీసా తర్వాత సీసా ఎక్కించారు. మమత వార్డు తలుపు ముందు నేల మీద కూర్చుని తల గోడకేసి కొట్టుకుంటోంది. నేను ఆమె పక్కన కూర్చోలేకపోయాను.

ఆసుపత్రి నుంచి ఫోన్‌లో జరిగిందంతా చెబితే అశ్విని సాయంత్రం వచ్చింది. అంతకుముందే ఇంటికి పోయి వచ్చింది. నన్ను మెట్ల మూలకు తీసుకుపోయి ఫోన్‌లో ఫోటో చూపించింది. డబ్బాలో నీళ్ళ గిన్నె ఎత్తి పక్కన పెట్టి ఉంది. దాని కింద పీచు పొడిలో గుంత చేసుకుని మురుకు చుట్టుకుని పడుకుంది.

"ఎక్కడికీ పోలేదవ్వా. కొత్త చోట అవి ఇట్లనే లోపలికి దూరతాయి. బాగానే కుదురుకుంది."

 మెట్టు మీద కూలబడ్డాను.

"నాకు ఫోన్ చెయ్యొచ్చు గదా? గిన్నె ఎత్తి చూడమని చెప్పేదాన్ని."

చీర కుచ్చిళ్ళ మీద ఎండిన రక్తాన్ని గోటితో గీకాను.

"విను" అని గొంతు తగ్గించింది. "నువ్వు పట్టుకోమన్నావని ఎవరికీ తెలీదు. చెప్పొద్దు. కేసైతే నిన్ను స్టేషన్ల చుట్టూ తిప్పుతారు. ఇల్లు పోతుంది. నేను చూడలేను. అతనే ఏదో పొరపాటున పట్టుకున్నాడని అనుకుంటాండారు. అనుకోనీ."

ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. వాసంతి చెయ్యి అలాగే ఉండేది. తలూపాను.

మరుసటి రోజు పొద్దున వార్డు బయట గోవిందప్ప, రామన్నను పనిలో పెట్టిన ఏజెన్సీ సూపర్‌వైజరు నిలబడి ఉన్నారు. సూపర్‌వైజరు ఫోన్‌లో సెల్లారు కెమెరా వీడియో చూపిస్తున్నాడు. రామన్న దోసిలి చాపడం, పాముతో మాట్లాడటం, దాన్ని మెల్లగా ఎత్తబోవడం అంతా ఉంది. నేను రాడ్డు ఎత్తింది మాత్రం కత్తిరించారు. టవర్‌లో అందరి ఫోన్లకూ పోయిందట అది.

"చూడుండ్రి సార్, ముద్దు జేస్తున్నడు పామును" అన్నాడు సూపర్‌వైజరు. "ఫుల్లుగ తాగిండు. ఇది డ్యూటీ ఎట్లయితది? మా కంపెనీకి ఏం సంబంధం? ఖర్చు వాళ్ళే జూసుకోవాలె."

అటు పోతున్న ఎవరో తొంగి చూసి నవ్వారు.

మమత లేచింది. జుట్టు విరబోసుకుని ఉంది. "మా ఆయన చుక్క ముట్టడు సార్. పెండ్లయిన కాడికెళ్ళి జూస్తున్న, పామును కొట్టుడే తెలుసు గాయనకు. ఎత్తుకునుడు ఏడ నేర్చిండు? ఎవరు నేర్పిన్రు? నాకు జెప్పుండ్రి!"

 అశ్విని వేళ్ళు నా మణికట్టు మీద బిగుసుకున్నాయి. వీడియో మళ్ళీ మొదటినుంచి ఆడుతోంది. రామన్న దోసిలి నేను చూపించినట్టే ఉంది, వేళ్ళు దగ్గరగా, అరచేతులు కొంచెం లోతుగా.

"నేను నేర్పాను" అన్నాను.

అంతా చెప్పాను. మురుకును అతని చేతుల్లో పెట్టింది, పోయిందనుకున్నది, కర్ర ముట్టొద్దన్నది, ఎవరికీ చెప్పొద్దన్నది. అది డబ్బాలోనే ఉందన్నది కూడా.  చివరి మాట అవుతూనే మమత నా కొప్పు పట్టుకుని గోడకేసి కొట్టింది. చేతిలో ఉన్న స్టీలు క్యారియరు నా కనుబొమ్మ మీద పడింది. అన్నం, పప్పు, రక్తం కళ్ళలోకి కారాయి. "ముసలిముండా, నీ పాము కోసం నా మొగుణ్ణి చంపినవు గదే!" అంటూ కింద పడేసి కడుపులో తన్నింది. నేను చేతులు అడ్డం పెట్టుకోలేదు. అశ్విని ఆమె నడుము పట్టుకుని లాగబోతే మోచేత్తో దాని మూతి పగలగొట్టింది. కట్టు కట్టిన చేత్తో బుల్లిబాబే వచ్చి విడదీశాడు.

గోవిందప్ప ఆ ఫోన్ తీసుకుని వీడియో ఆపాడు. తర్వాత సూపర్‌వైజరుతో అన్నాడు: "రెసిడెంటు చెప్పిన పని చేసినాడంటే డ్యూటీలో ఉన్నట్టే గదా. ఖర్చు మీదే. కాదంటే మా టవర్లో మీ మనుషులు ఒక్కరుండరు." నా వైపు తిరగకుండానే, "నెలాఖరుకు ఖాళీ చెయ్యండి కమలమ్మా" అన్నాడు.

నా కనుబొమ్మకు నాలుగు కుట్లు పడ్డాయి. ఇంటికి వచ్చే దారిలో అశ్విని పగిలిన పెదవికి రుమాలు అదుముకుని కిటికీలోంచి బయటికే చూసింది. తెల్లారి లేచేసరికి మురుకు డబ్బా, వేడి పట్టా, కొబ్బరి చిప్పలు ఒక అట్టపెట్టెలో సర్ది ఉన్నాయి. బ్యాగు తలుపు పక్కన ఉంది.

"గచ్చిబౌలిలో ఫ్రెండు రూంకు పోతాండా. నీకు ఇల్లు చూసి చెప్తా."

"కోపం తెచ్చుకోకుండా ఒక్క మాట చెప్పు. నేను నిజం చెప్పినందుకా పోతాండావు?"

"చెప్పనని నాకు తలూపి, మళ్ళీ అందరి ముందరా చెప్పినావు గదవ్వా. దానికి." పెట్టె ఎత్తుకుంది. "నాకు తెలిసిన మనుషుల్లో నువ్వొక్కదానివే నాతో అబద్ధం ఆడవనుకున్నా. మురుకు పోయిందని నాకు చెప్పలేదు, వాళ్ళకు నిజం చెప్తానని కూడా నాకు చెప్పలేదు."

క్యాబ్ ముందు సీట్లో పెట్టె పెట్టి బెల్టు బిగించింది. తను వెనక కూర్చుంది. కారు మలుపు తిరిగేదాకా నిలబడి, ఇంట్లోకి వచ్చి, ఫ్రిజ్ మీద కాగితం చించి, ముక్కలు పొయ్యి వెలిగించి కాల్చాను.

ఆ రోజు నుంచి పొద్దున్నే జావ కాచుకుని ఆసుపత్రికి పోయేదాన్ని. మొదటి రోజు మమత గిన్నె తన్నేసింది. రెండో రోజు ముట్టలేదు. మూడో రోజు తాను తాగింది. మాట్లాడలేదు. రామన్న కిడ్నీలు పని చేయక రక్తం శుద్ధి చేసే మిషన్ మీద పెట్టారు. బొటనవేలు నల్లబడి తీసేశారు. తొమ్మిదో రోజు మమత వార్డులోంచి బయటికొచ్చి నా ముందు నిలబడింది.

"పిలుస్తుండు. పో."

రామన్న ముఖం ఉబ్బి కళ్ళు గీతల్లా ఉన్నాయి. కుడిచేతికి భుజం దాకా కట్టు. నన్ను చూసి పెదవులు తడుపుకున్నాడు.

"పాప పాము దొరికిందా అవ్వా?"

లోపలికి వచ్చేటప్పుడు ఏం అడుగుతాడోనని అన్ని రకాలుగా అనుకున్నాను. ఇది అనుకోలేదు.

"దొరికింది."

"ఏడ?"

సెల్లారులోనే దొరికిందని చెప్పినా నమ్మేవాడు.

"డబ్బాలోనే ఉందప్పా. యాడికీ పోలేదు. పీచు కింద దూరింది. నేను గిన్నె ఎత్తి చూడలేదు."

 అతని ఛాతీ లేచి పడుతోంది. సూది గుచ్చిన ఎడమచేయి మెల్లగా పైకి లేపి, ఉన్న బలమంతా పెట్టి, నా చెంప మీద కొట్టబోయాడు. అది సగంలో జారి నా భుజం మీద పడింది. సూది దగ్గర రక్తం చిమ్మింది. నేను కదల్లేదు.

"తాకత్ లేదవ్వా" అన్నాడు రొప్పుతూ. "లేకుంటె పండ్లు రాలగొడ్తుంటి."

"బలం వచ్చినాక కొట్టుదువులే."

"గప్పుడు సుత వస్తవా?"

"వస్తా."

కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి నీళ్ళు అడిగాడు. ఎన్ని ఇవ్వొచ్చో తెలియక తలుపు దగ్గరున్న మమత వైపు చూశాను. మూడు చెంచాలకు మించి వద్దని డాక్టరు చెప్పాడంది. మూడు చెంచాలు తాగించి, గ్లాసు అతనికి అందనంత దూరంలో పెట్టి, నర్సును పిలవడానికి లేచాను.